ఊదే పరీక్ష రిపోర్టు: ఆస్తమా అనుమానం ఉన్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఊపిరితిత్తుల పరీక్షలు చేసే గదిలో పనిచేస్తుంటాను. రిపోర్టు చేతిలో పెట్టగానే జనం అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. డాక్టర్ గది ముందు టోకెన్ పట్టుకుని కూర్చున్నంతసేపూ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూస్తూ టెన్షన్ పడేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. ఏ మందు వాడాలో చెప్పాల్సింది డాక్టర్‌గారే. కాగితం మీద ఉన్నదేంటో మాత్రమే ఇక్కడ చెప్తాను.

అసలు ఈ పరీక్షలో ఏం కొలుస్తారు?

చీటీ మీద పీఎఫ్‌టీ అనో స్పైరోమెట్రీ అనో ఉంటుంది. ముక్కుకి క్లిప్పు పెడతారు. గుండెనిండా గాలి పీల్చుకుని, గొట్టాన్ని పెదాలతో బిగించి పట్టుకుని, ఒక్కసారిగా బలంగా ఊదాలి. ఇంక రాదు అనిపించేదాకా ఊదుతూనే ఉండాలి. ఎంత గాలి వచ్చింది, ఎంత వేగంగా వచ్చింది అన్న రెండింటినీ మెషీన్ రాసుకుంటుంది.

ఆస్తమాలో గాలి దారులు లోపల వాచి, వాటి చుట్టూ ఉన్న కండరం బిగుసుకుని ఇరుకవుతాయి. అందుకే గాలి చాలావరకు వస్తుంది, కానీ నిదానంగా వస్తుంది. ఆ ఇరుకు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నానికి తక్కువ. దుమ్ములోకి వెళ్తే ఒకలా, మందు పీలిస్తే ఇంకోలా. ఇలా మారుతూ ఉండటమే ఆస్తమా లక్షణం. డాక్టర్లు రిపోర్టులో వెతికేదీ ఆ మార్పునే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

రిపోర్టు చేతికొచ్చింది. ముందు ఏం చూడాలి?

మీ పేరు, వయసు, ఎత్తు. నవ్వకండి. మీరు ఎంత గాలి ఊదగలగాలో మెషీన్ లెక్క వేసేది మీ వయసు, ఎత్తు, ఆడా మగా అన్నదాన్ని బట్టే. ఎత్తు చెప్పులు విప్పించి, మడమలు గోడకి ఆనించి కొలవాలి. "ఎంత ఎత్తమ్మా?" అని అడిగి, "ఐదడుగులు ఉంటాను సార్" అనగానే 152 అని కొట్టేస్తే, ఆవిడ నిజంగా 146 సెంటీమీటర్లే అయితే, బాగానే ఊదినా రిపోర్టులో తక్కువ పడుతుంది. నడుం వంగిన అవ్వలకైతే ఎత్తుకు బదులు చేతులు రెండూ బార్లా చాపించి కొలుస్తారు. వయసు సంగతి మీకు తెలిసిందే. ఆధార్‌లో జనవరి 1 పుట్టినరోజున్న పెద్దవాళ్లు మన దగ్గర ఊరినిండా ఉన్నారు. అసలు వయసు ఎంతో ఊదే ముందే చెప్పండి.

తర్వాత ఎలా ఊదారో చూడాలి. కనీసం 3 సార్లు సరిగ్గా ఊది ఉండాలి. వాటిలో మంచివి రెండూ ఒకదానికొకటి 150 మిల్లీలీటర్ల తేడాలోపు ఉండాలి. చాలా మెషీన్లు దీనికి ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ వేస్తాయి. ఏ, బీ అయితే నమ్మొచ్చు. డీ, ఈ, ఎఫ్ పడితే కింద ఎంత భయపెట్టే వాక్యం ఉన్నా ముందు మళ్లీ ఊదాలి.

ఎఫ్‌ఈవీ1, ఎఫ్‌వీసీ అంటే ఏంటి? వాటి పక్కనున్న నిష్పత్తి ఏంటి?

ఎఫ్‌వీసీ అంటే గట్టిగా ఊదినప్పుడు మొత్తంగా బయటికొచ్చిన గాలి, లీటర్లలో. ఎఫ్‌ఈవీ1 అంటే అందులో మొదటి ఒక్క సెకనులో వచ్చినది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేదే నిష్పత్తి.

ఆస్తమా అనుమానం ఉన్నప్పుడు డాక్టర్ కన్ను ముందు పడేది ఈ నిష్పత్తి మీదే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో మామూలుగా 0.75 నుంచి 0.80కి పైన, పిల్లల్లో 0.90కి పైన ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అదే కొంచెం తగ్గుతుంది. కాబట్టి 70 ఏళ్ల తాతకి వచ్చిన 0.72ని, 20 ఏళ్ల మనవడికి వచ్చిన 0.72ని ఒకే గాట కట్టకూడదు. తాతకి అది మామూలే కావచ్చు, మనవడికి మాత్రం కాదు. నిష్పత్తి తగ్గితే గాలి దారి ఇరుకైందని అర్థం. దాన్నే రిపోర్టులో అబ్‌స్ట్రక్షన్ అని రాస్తారు.

ఎఫ్‌ఈఎఫ్ 25–75 అనే లైను ఒకటి కూడా ఉంటుంది. ఊదడంలో నడిమి భాగంలో గాలి ఎంత వేగంగా వచ్చిందో చెప్పే అంకె అది. ఒకసారి ఊదినదానికీ ఇంకోసారి ఊదినదానికీ అది బాగా మారిపోతుంది. మిగతావన్నీ బాగుండి అదొక్కటి తగ్గిందని నిద్ర పాడుచేసుకోవద్దు.

ప్రెడిక్టెడ్‌లో 78 శాతం అని ఉంది. నా ఊపిరితిత్తులు 22 శాతం పాడైనట్టేనా?

కాదు. మీ వయసు, మీ ఎత్తు ఉన్న ఆరోగ్యవంతుల సగటుతో పోలిస్తే మీరు ఊదినది 78 శాతం అని మాత్రమే. సగటు అన్నాక కొందరు పైన, కొందరు కింద ఉంటారు. ఏ జబ్బూ లేకుండా 85 దగ్గర ఉండేవాళ్లూ ఉన్నారు, 110 ఊదేవాళ్లూ ఉన్నారు.

80 శాతం దాటితే నార్మల్ అనేది పాత లెక్క. ఇప్పటి రిపోర్టుల్లో ఎల్‌ఎల్‌ఎన్ అని ఒక కాలమ్ ఉంటుంది. మీ వయసుకీ ఎత్తుకీ ఉండాల్సిన కనీస హద్దు అది. ఆరోగ్యంగా ఉన్న నూరుమందిలో 95 మంది ఆ హద్దుకి పైనే ఉంటారు. సగటుకి మీరెంత దూరంలో ఉన్నారో చెప్పే జడ్ స్కోర్ అనే అంకె ఉంటే అక్కడ మైనస్ 1.64 దగ్గర గీత గీసుకోండి. దానికంటే కిందికి పోతేనే తక్కువ. శాతం కాలమ్ కంటే ఈ కాలమ్‌నే ఎక్కువ నమ్మాలి. మనవాళ్లు మాత్రం మార్కుల షీటు చూసినట్టు శాతమే చూస్తారు.

ఒక రిపోర్టు చూపించి చెప్పండి.

అర్థం కావడానికి వేసుకున్న అంకెలివి, ఎవరి రిపోర్టూ కాదు. చంద్రగిరి నుంచి 38 ఏళ్ల ఆవిడ వచ్చిందనుకుందాం. నెల రోజులుగా తెల్లవారుజామున దగ్గు, ఊడ్చేటప్పుడు పిల్లికూతలు.

మొదటిసారి ఊదినప్పుడు ఎఫ్‌వీసీ 2.40 లీటర్లు. ఉండాల్సింది 2.55, అంటే 94 శాతం. బాగానే ఉంది. ఎఫ్‌ఈవీ1 1.62 లీటర్లు. ఉండాల్సింది 2.15, అంటే 75 శాతం. నిష్పత్తి 1.62ని 2.40తో భాగిస్తే 0.675. ఆమె వయసుకి ఇది తక్కువే. గాలి అంతా వస్తోంది, ఆలస్యంగా వస్తోంది.

తర్వాత ఇన్‌హేలర్‌కి స్పేసర్ అనే డబ్బా తగిలించి, గాలి దారులు తెరిచే సాల్బుటమాల్ మందు పఫ్‌లు ఇచ్చి, 10–15 నిమిషాలు బయట కూర్చోబెట్టి, మళ్లీ ఊదించారు. ఈసారి ఎఫ్‌ఈవీ1 1.92. అంటే 300 మిల్లీలీటర్లు పెరిగింది. మొదటి 1.62తో పోలిస్తే 18.5 శాతం ఎక్కువ. నిష్పత్తి కూడా 0.77కి లేచింది.

ఇరుకైన దారి మందుతో ఇంతగా తెరుచుకుంది, లక్షణాలూ దానికి సరిపోయేలా ఉన్నాయి. ఇక్కడ ఆస్తమా అనడానికి డాక్టర్‌కి గట్టి ఆధారం దొరికినట్టే. ఆ పఫ్‌ల తర్వాత కాసేపు చెయ్యి వణికి, గుండె దడగా ఉంటుంది. అది మందు ప్రభావమే, కాసేపట్లో తగ్గిపోతుంది.

పఫ్ తర్వాత నాకు 9 శాతమే పెరిగింది. అంటే ఆస్తమా లేదా?

అలా తేల్చెయ్యకూడదు. చాలాకాలంగా వాడుతున్న కొలత ఏంటంటే, పెద్దవాళ్లలో ఎఫ్‌ఈవీ1 12 శాతమూ 200 మిల్లీలీటర్లూ, రెండూ పెరగాలి. ఒకటి పెరిగి ఇంకోటి పెరగకపోతే లెక్కలోకి రాదు. 2021లో యూరప్, అమెరికా ఊపిరితిత్తుల వైద్య సంఘాలు కలిసి ఇంకో లెక్క చెప్పాయి. పెరిగినది మీకు ఉండాల్సిన విలువలో 10 శాతం దాటాలి అని. కొన్ని మెషీన్లు పాత లెక్కతో, కొన్ని కొత్త లెక్కతో రాస్తున్నాయి. అందుకే ఒకే అంకెలకి ఒకచోట పాజిటివ్ అనీ ఇంకోచోట నెగటివ్ అనీ పడే అవకాశం ఉంది.

ఆస్తమా ఉండి కూడా పెరగకపోవడానికి కారణాలున్నాయి. ఆ రోజు దారులు ముందే తెరుచుకుని ఉండొచ్చు. పొద్దున ఇంట్లో ఇన్‌హేలర్ పీల్చుకుని వచ్చి ఆ మాట మాకు చెప్పకపోయి ఉండొచ్చు. ఇది మాకు దాదాపు రోజూ ఎదురయ్యేదే. వాపు చాలాకాలంగా ఉంటే రెండు పఫ్‌లతో దిగకపోవచ్చు కూడా. అలాంటప్పుడు డాక్టర్లు కొన్ని వారాలు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడించి మళ్లీ ఊదిస్తారు. అప్పుడు వచ్చే పెరుగుదల కూడా సాక్ష్యమే.

రిపోర్టు నార్మల్ అంటున్నారు. రాత్రుళ్లు ఆయాసం మాత్రం నిజం. నేనేమైనా నటిస్తున్నానా?

లేదు. ఎక్కువమంది బాధపడేది ఇక్కడే. ఇంట్లోవాళ్లు కూడా "అన్నీ నార్మలే అన్నారు కదా, నీదంతా భయం" అనేస్తారు. రాత్రంతా కరెంటు పోతోందని కంప్లైంట్ ఇస్తే, లైన్‌మన్ పగలొచ్చి చూసి "కరెంటు ఉంది కదా" అన్నట్టుంటుంది ఇది. బాగున్న రోజు ఊదితే ఆస్తమా ఉన్నవాళ్ల రిపోర్టు కూడా నార్మల్‌గానే వస్తుంది. దీపావళి మర్నాడు ఆయాసపడి, అపాయింట్‌మెంట్ దొరికి వచ్చేసరికి అంతా సర్దుకుని ఉంటే మెషీన్‌కి కనిపించేది ఆ సర్దుకున్న ఊపిరే.

అప్పుడు చేయాల్సినవి మూడు దారులు. ఆయాసం ఉన్నప్పుడే మళ్లీ ఊదడం, లేదా ఊదే వేగం కొలిచే పీక్ ఫ్లో మీటర్‌తో ఇంట్లో పొద్దున సాయంత్రం ఊది రాసుకోవడం, లేదా గాలి దారులను కొంచెం రెచ్చగొట్టి చూసే పరీక్ష. చివరి రెండింటి గురించి కింద చెప్తాను.

ఇంకో మాట. నార్మల్ రిపోర్టు వచ్చిన అందరికీ ఆస్తమా ఉంటుందనీ కాదు. గుండె జబ్బు, రక్తహీనత, థైరాయిడ్, గ్యాస్ పైకి ఎగదన్నడం, ఆందోళన, ఇవన్నీ ఆయాసం రూపంలోనే వస్తాయి. నార్మల్ అని రాగానే ఇంటికెళ్లిపోకుండా, మరి ఆయాసం ఎందుకు వస్తోందని డాక్టర్‌ని నిలబెట్టి అడగండి.

మెషీన్ కింద "మైల్డ్ అబ్‌స్ట్రక్షన్" అని ప్రింట్ చేసింది. ఆస్తమా ఖాయమేనా?

ఆ వాక్యం రాసింది కంప్యూటర్. అంకెలు హద్దు దాటితే అదే అచ్చవుతుంది. మీరు సగంలో ఊదడం ఆపేశారా, దగ్గారా అన్నది దానికి పెద్దగా పట్టదు. ఇరుకు ఉందని చెప్తుంది, ఎందుకుందో చెప్పదు. బీడీలు, సిగరెట్ల పొగ వల్ల గాలి దారులు శాశ్వతంగా ఇరుకైపోయే సీఓపీడీ అనే జబ్బులోనూ, పాత టీబీ మిగిల్చిన మచ్చల వల్లా ఇదే వాక్యం పడొచ్చు. జలుబు, వైరల్ జ్వరం వచ్చిన కొన్ని వారాలపాటు కూడా కొందరి రిపోర్టు తేడాగానే వస్తుంది.

రిస్ట్రిక్షన్ అని ఉంది. ఇది ఇంకా పెద్ద జబ్బా?

నిష్పత్తి బాగుండి, ఎఫ్‌వీసీ తగ్గితే అలా రాస్తారు. ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోవడం లేదేమో అన్న అనుమానం అంతే. ఊదే పరీక్షతో దాన్ని తేల్చలేరు. మొత్తం గాలి ఎంత పడుతుందో కొలిచే వేరే పరీక్ష కావాలి. మాకు ఎదురయ్యే వాటిలో మామూలు కారణాలు ఊబకాయం, గాలి పూర్తిగా పీల్చుకోకుండా ఊదడం, తొందరగా ఆపేయడం.

ఒక్క విషయంలో మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కుప్పం వైపు గ్రానైట్ క్వారీల్లోనో, రాళ్లు పాలిష్ పట్టే చోటో ఏళ్లతరబడి పనిచేసినవాళ్లయితే ఆ సంగతి డాక్టర్‌కి మొదటి నిమిషంలోనే చెప్పండి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగి సిలికోసిస్ తెస్తుంది. దాని దారి వేరు, పరీక్షలు వేరు.

గ్రాఫు చూస్తే ఏమైనా తెలుస్తుందా?

తెలుస్తుంది. గాలి వేగాన్ని చూపే గ్రాఫు బాగున్నవాళ్లలో చటుక్కున శిఖరానికి లేచి, దాదాపు తిన్నగా దిగుతుంది. ఇరుకు ఉంటే దిగేటప్పుడు మధ్యలో లోపలికి వంగి గుంట పడుతుంది. పైకి లేచే గీత బద్ధకంగా ఉంటే మీరు గట్టిగా మొదలుపెట్టలేదని, మధ్యలో పళ్లు పళ్లుగా ఉంటే దగ్గారని, ఉన్నట్టుండి నిలువుగా పడిపోతే ఊదడం ఆపేశారని అర్థం.

ఎంత ప్రయత్నించినా సరిగ్గా ఊదలేకపోయాను. ఏం చేయాలి?

చాలామందికి మొదట రాదు. సిగ్గుపడాల్సిందేం లేదు. మేం "ఊదు ఊదు ఊదు, ఇంకా ఇంకా, ఆపొద్దమ్మా" అని కేకలేస్తుంటే నవ్వొచ్చి ఆపేసేవాళ్లు ఎందరో. ఒక విడతలో మామూలుగా 8 సార్ల దాకా ఊదిస్తారు. మధ్యలో కళ్లు తిరిగితే చెప్పి కూర్చోండి.

భుక్తాయాసంగా తిని రావద్దు. బిగుతు జాకెట్టు, నడుముకి బిగించిన బెల్టు వద్దు. ఊదే ముందు గంటలో సిగరెట్, బీడీ, మెట్లెక్కడం, పరుగెత్తడం వద్దు. కట్టుడు పళ్లు గట్టిగా ఉంటే ఉంచుకోండి, పెదాలు గొట్టం చుట్టూ బాగా బిగుస్తాయి. ఊగుతుంటే తీసేయండి.

పరీక్షకి ముందు ఇన్‌హేలర్ మానేయాలా?

నీలం రంగు సాల్బుటమాల్ లాంటిదైతే సాధారణంగా కనీసం 4 గంటలు, రోజుకి రెండుసార్లు పీల్చే కాంబినేషన్ ఇన్‌హేలర్ అయితే 24 గంటలు, రోజుకొకసారిది అయితే 36 గంటలు ఆపమంటారు. కానీ సొంతంగా ఆపొద్దు. పరీక్ష రాసిన డాక్టర్‌నే అడగండి. ఆపిన సమయంలో ఆయాసం వస్తే ఏ మొహమాటం లేకుండా పీల్చేయండి. పరీక్ష ఇంకోరోజు చేసుకోవచ్చు. పీల్చినట్టు మాకు చెప్తే చాలు, టైమ్ రిపోర్టు మీద రాస్తాం.

ఎవరు ఊదకూడదు?

ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, కన్ను, మెదడు, ఛాతీ, పొట్ట ఆపరేషన్ జరిగి ఎక్కువ రోజులు కానివాళ్లు, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాళ్లు, దగ్గితే రక్తం పడేవాళ్లు ముందే చెప్పాలి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ముందు కళ్లె పరీక్ష, ఎక్స్‌రే. టీబీ లేదని తేలాకే ఊదడం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ ఆసుపత్రి పేరు విని పెరిగిన పెద్దవాళ్లకి ఊపిరితిత్తుల పరీక్ష అనగానే టీబీయే మెదులుతుంది. ఊదే పరీక్షతో టీబీ తెలియదు, అది వేరు.

పీక్ ఫ్లో మీటర్ కొనమన్నారు. ఆ అంకెలు ఎలా చదవాలి?

అరచేతిలో పట్టే ప్లాస్టిక్ గొట్టం. ముల్లును సున్నాకి జరిపి, నిలబడి, గాలి నిండా పీల్చుకుని ఒక్క ఊపులో ఊదాలి. 3 సార్లు ఊది, ఎక్కువ వచ్చిన అంకె రాసుకోవాలి. పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి, రెండు వారాలు. ఇన్‌హేలర్ వాడుతుంటే అది పీల్చకముందే ఊదాలి.

లెక్క ఇలా. పొద్దున 290, సాయంత్రం 360 వచ్చింది. తేడా 70. రెండింటి సగటు 325. 70ని 325తో భాగిస్తే సుమారు 21.5 శాతం. ఇలా రోజూ లెక్కవేసి, వాటి సగటు తీస్తారు. ఆస్తమాకి అంతర్జాతీయంగా వాడే గీనా మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లలో ఈ సగటు 10 శాతం, పిల్లల్లో 13 శాతం దాటితే ఊపిరి మామూలుకంటే ఎక్కువగా మారుతోందని అర్థం. బ్రిటన్‌లో 20 శాతం దాటాలంటారు. 12 వచ్చినవాళ్లు, 25 వచ్చినవాళ్లు ఒకే ధీమాతో ఉండకూడదని దీన్నుంచి తెలుసుకుంటే చాలు.

నా దృష్టిలో మనలాంటి ఊళ్లలో వాళ్లకి ఇంతకంటే పనికొచ్చే పరికరం లేదు. పుత్తూరు నుంచో పలమనేరు నుంచో ఆయాసం వచ్చిన రాత్రి తిరుపతికి వచ్చి ఊదలేరు కదా. మీటర్ అయితే తలగడ పక్కనే ఉంటుంది. పనిలో ఉన్న రోజుల్లో తగ్గి, సెలవు రోజుల్లో పెరుగుతుంటే పని చేసే చోటే ఏదో పడటం లేదని కూడా ఆ కాగితమే చెప్తుంది. ఒక్కటే షరతు. ఊదకుండా ఇష్టమొచ్చినట్టు అంకెలు వేయకండి. చివరి రోజు కూర్చుని ఒకే పెన్నుతో రాసిన డైరీని డాక్టర్లు ఇట్టే పట్టేస్తారు.

ఫీనో పరీక్ష అంటే?

ఊదే గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంత ఉందో కొలుస్తారు. ఇక్కడ గట్టిగా ఊదకూడదు, నిదానంగా ఒకే వేగంతో సుమారు 10 సెకన్లు ఊదాలి. దీన్ని పీపీబీల్లో, అంటే వంద కోట్ల పాళ్లలో ఎన్ని పాళ్లో అని చెప్తారు. పెద్దవాళ్లలో 50 పీపీబీ దాటితే ఎక్కువ, 25 లోపైతే తక్కువ. పిల్లల్లో 35, 20. ఎక్కువుంటే అలర్జీ తరహా వాపు ఉందని, స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌కి బాగా లొంగే అవకాశం ఉందని సూచన. ముక్కు అలర్జీ ఉన్నా పెరుగుతుంది. సిగరెట్ తాగితే, ఇన్‌హేలర్ ఇప్పటికే వాడుతుంటే తగ్గుతుంది. పరీక్షకి ముందు పాలకూర, బీట్‌రూట్ తిన్నా అంకె పెరగొచ్చు. తక్కువ వచ్చినంత మాత్రాన ఆస్తమా లేదని అనలేం.

మెథాకొలిన్ పరీక్షలో ఆయాసం కావాలనే తెప్పిస్తారట. ప్రమాదం కాదా?

గాలి దారులను బిగించే మెథాకొలిన్ అనే మందుని కొద్ది కొద్దిగా మోతాదు పెంచుతూ పీల్పించి, ప్రతిసారీ ఊదిస్తారు. ఎఫ్‌ఈవీ1 20 శాతం పడిపోగానే ఆపేసి, తెరిచే మందు ఇస్తారు. పక్కన డాక్టర్, నెబులైజర్, ఆక్సిజన్ ఉన్నచోటే చేస్తారు. తక్కువ మోతాదుకే పడిపోతే గాలి దారులు అతిగా స్పందిస్తున్నాయని అర్థం. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడనివారిలో ఈ పరీక్ష నెగటివ్ వస్తే ప్రస్తుతం ఆస్తమా ఉండే అవకాశం బాగా తక్కువ. దీని అసలు ఉపయోగం ఆ లేదు అని చెప్పడంలోనే.

మా పాపకి 4 ఏళ్లు. ఊదించొచ్చా?

5 ఏళ్లలోపు పిల్లలతో స్పైరోమెట్రీ చాలావరకు కుదరదు. లక్షణాలు, ఇంట్లో ఆస్తమా, తామర వంటివి ఉన్నాయా, మందుకి ఎలా తేరుకుంటోంది అన్నవాటిని బట్టే డాక్టర్ నిర్ణయిస్తారు. కొన్నిచోట్ల మామూలుగా ఊపిరి పీలుస్తుండగానే కొలిచే ఆసిలోమెట్రీ ఉంటుంది. అది చిన్నపిల్లలకీ, ఊదలేని ముసలివాళ్లకీ వీలుగా ఉంటుంది. పిల్లికూతలు వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. డాక్టర్‌కి అది ఎంతో పనికొస్తుంది.

రక్తపరీక్షలో ఈస్నోఫీలియా అన్నారు. ఆస్తమా అంటే అదేనా?

ఒకటి కాదు. ఈసినోఫిల్స్ తెల్లకణాల్లో ఒక రకం. అలర్జీ ఆస్తమాలో పెరుగుతాయి, కడుపులో నులిపురుగులున్నా పెరుగుతాయి, ఫైలేరియా వల్ల వచ్చే ఒకరకం ఊపిరితిత్తుల జబ్బులో అయితే విపరీతంగా పెరుగుతాయి. ఆస్తమా ఉండి ఇవి మామూలుగా ఉన్నవాళ్లూ ఉన్నారు. ఎక్స్‌రే కూడా ఆస్తమాలో తరచు నార్మల్‌గానే ఉంటుంది. అది తీసేది వేరే జబ్బులు లేవని చూడటానికి.

మా అవ్వ జీవితమంతా కట్టెల పొయ్యి దగ్గరే వండింది. బీడీ తాగలేదు. ఆమెకి సీఓపీడీ అంటున్నారు. పొరపాటా?

పొరపాటు కానక్కర్లేదు. పొయ్యి పొగ ఏళ్లతరబడి పీలిస్తే సీఓపీడీ వస్తుంది. చిత్తూరు వైపు బెల్లం గానుగల దగ్గర చెరకు పిప్పి మంటముందు కాపు కాసినవాళ్లకీ పొగతో ముప్పే. రిపోర్టులో తేడా ఎక్కడంటే, పఫ్ ఇచ్చాక కూడా నిష్పత్తి 0.70 లోపే ఉండిపోతే సీఓపీడీ వైపు మొగ్గుతారు. ఆస్తమా అయితే మందుతో, కాలంతో పైకీ కిందికీ కదులుతుంది. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు. చిన్నప్పటి నుంచి ఆయాసం ఉందా, పెద్దయ్యాకే మొదలైందా అన్నది ఇంట్లో పెద్దవాళ్లని అడిగి తెలుసుకుని వెళ్లండి. ఆ జవాబు మెషీన్ దగ్గర దొరకదు.

రుయా ప్రభుత్వాసుపత్రిలో ఒక రిపోర్టు, ప్రైవేటులో ఇంకో రిపోర్టు. రెండూ కలవడం లేదు.

శాతాలు పక్కనపెట్టి లీటర్లు పోల్చండి. ఒక మెషీన్‌లో యూరప్ వాళ్ల లెక్క, ఇంకోదాంట్లో భారతీయుల లెక్క పెట్టి ఉంటే, మీరు ఊదినది ఒకటే అయినా శాతం మారుతుంది. యూరప్ లెక్కలో మనవాళ్లది తక్కువగా కనిపిస్తుంది. లీటర్లలోనే తేడా ఉంటే ఏ టైమ్‌లో ఊదారు, ఇన్‌హేలర్ పీల్చి ఎంతసేపైంది అని చూడాలి. ఆస్తమాలో ఆ తేడాయే అసలు వార్త కావచ్చు. కాబట్టి ఒకటి తప్పని చించేయకండి.

కొండకి నడిచి వెళ్తానని మొక్కుకున్నాను. రిపోర్టు చూసి వెళ్లొచ్చో లేదో చెప్తారా?

ఊరి ప్రశ్న ఇది. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388, ఆ దారి ఇంకా నిటారు. ఆస్తమా, గుండె జబ్బులు ఉన్నవాళ్లు నడకదారిలో రావద్దని టీటీడీ కూడా భక్తులకి సూచించింది. కుర్చీలో కూర్చుని ఊదిన నార్మల్ రిపోర్టు మెట్ల మీద ఏం జరుగుతుందో చెప్పదు.

గాలిగోపురం చేరేసరికి అందరికీ ఆయాసమే. తేడా గమనించాల్సింది ఆగాక. ఒంటికి అలవాటు లేక వచ్చే ఆయాసం కూర్చుంటే కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. శ్రమ వల్ల రేగే ఆస్తమా ఆగిన 5–15 నిమిషాల్లో ఇంకా పెరిగి, దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేయడం మొదలవుతాయి. అలా జరిగిందంటే ఆ విషయం డాక్టర్‌కి చెప్పండి, నడిపించి ఊదించే పరీక్ష ఉంది. ఈలోగా బస్సులో వెళ్లినా దర్శనం దర్శనమే. స్వామి టికెట్ చూడడు.

మృగశిర కార్తెకి హైదరాబాద్ వెళ్లి చేప మందు వేసుకుంటే ఈ పరీక్షలు అవసరమా?

చేప మందుతో ఆస్తమా తగ్గుతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. వెళ్లడం మీ నమ్మకం. దాన్ని నమ్మి ఇన్‌హేలర్ ఆపేయడం మాత్రం ప్రమాదం. వేసుకునే ముందూ తర్వాతా పీక్ ఫ్లో రాసుకుని మీరే పోల్చుకోండి.

ఇన్‌హేలర్ వాడాక ఊదితే అంతా నార్మల్ వచ్చింది. ఇంక ఆపేయొచ్చా?

మందు పనిచేస్తోందని ఆ రిపోర్టు చెప్తోంది. ఆపితే మళ్లీ ఎలా ఉంటుందో చెప్పడం లేదు. లక్షణాలు లేకుండా, ఊపిరి నిలకడగా కనీసం 2–3 నెలలు గడిచాక డాక్టర్లు మెల్లగా తగ్గిస్తారు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయం మన దగ్గర చాలా ఎక్కువ. పీల్చే స్టెరాయిడ్ మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయడం మాత్రం మర్చిపోవద్దు, లేకపోతే నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు వస్తాయి.

ఎప్పుడు రిపోర్టుల గొడవ వదిలేసి ఆసుపత్రికి వెళ్లాలి?

ఒక వాక్యం ఊపిరి తీసుకోకుండా పూర్తిచేయలేకపోతే, నీలం ఇన్‌హేలర్ పీల్చినా తేరుకోకపోతే, పెదాలు నల్లబడితే, మగతగా ఉంటే, పీక్ ఫ్లో మీ మంచి రోజు అంకెలో సగానికి పడిపోతే 108కి ఫోన్ చేయండి. అప్పుడు ఊదే పరీక్ష కోసం ఎవరూ ఆగరు, మీరూ ఆగొద్దు. పెద్ద ఆయాసం ఉన్నట్టుండి నిశ్శబ్దమై, పిల్లికూతలు వినపడకుండా పోయి, మనిషి నీరసించిపోతే తగ్గిందనుకోకండి. గాలి అసలు కదలడం లేదేమో.

తర్వాతి విజిట్‌కి ఏం తీసుకెళ్లాలి?

పాత రిపోర్టులన్నీ, గ్రాఫు ఉన్న పేజీతో సహా. కొందరు సారాంశం పేజీ ఒక్కటి దాచుకుని గ్రాఫుది పారేస్తారు. థర్మల్ కాగితమైతే కొన్నాళ్లకి అక్షరాలు చెరిగిపోతాయి, వెంటనే జిరాక్స్ తీయించండి లేదా ఫోటో తీసుకోండి. వాడుతున్న ఇన్‌హేలర్లు సంచిలో వేసుకెళ్లి, డాక్టర్ ముందు ఒకసారి పీల్చి చూపించండి. మందు లోపలికి పోకుండా నాలుక మీదే ఆగిపోతుంటే ఏ రిపోర్టూ మెరుగుపడదు.